ముట్టు వచ్చింది సరే, లోపలి కోత మానిందా?

జగిత్యాల జిల్లాలోని ఒక పల్లె నుంచి ఇరవై ఆరేళ్ల సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. అందులోని సంగతి ఇది.

తొలి కాన్పు పెద్దాపరేషన్‌తో అయింది. ఆడపిల్ల. పాపకు ఇప్పుడు అయిదున్నర నెలలు. ఆపరేషన్ తర్వాత అయిదు వారాలు రక్తం పోయింది. ఎరుపు తగ్గి గోధుమ రంగుకు, తర్వాత పసుపుకు మారి ఆగిపోయింది. భర్త దుబాయిలో తాపీ పని చేస్తారు. కాన్పుకు వచ్చి, ఇరవై ఒకటో రోజు తొట్టెల కాగానే తిరిగి వెళ్లారు. పాపకు మూడు నెలల పది రోజులున్నప్పుడు ముట్టు వచ్చింది. ఎనిమిది రోజులు అయింది. మొదటి మూడు రోజులు రెండు గంటలకొక ప్యాడు మార్చవలసి వచ్చింది, రేగుపండంత గడ్డలు పడ్డాయి. తర్వాత నలభై రెండు రోజులు ఏమీ లేదు. మళ్లీ వచ్చి అయిదు రోజుల్లో ఆగినట్టే ఆగింది కానీ, ఇంకో వారం పాటు డికాక్షన్ రంగు మరక కనిపిస్తూనే ఉంది.

ఇంట్లో తలా ఒక మాట. తోడికోడలికి మామూలు కాన్పు, ఆమెకు పద్నాలుగు నెలల దాకా ముట్టు రాలేదు. కాబట్టి ఇదంతా ఆపరేషన్ వల్లేనని ఆమె అంటోంది. పాలిచ్చే తల్లికి ఇంత త్వరగా రావడం ఏదో దోషమని తల్లి భయపడుతోంది. కోసి బిడ్డను తీశారు కనుక చెడు రక్తం లోపలే నిలిచిపోయిందని, ముట్టులో ఇచ్చే పాలు బిడ్డకు పడవని, డబ్బా పాలకు మార్చమని అత్తగారు అంటున్నారు. ఆ రోజుల్లో కోడలిని వెనక వసారాలో ఉంచి, పాపను పాలకు మాత్రం తెచ్చి ఇస్తున్నారు. భర్త వచ్చే నెల, బతుకమ్మ పండుగకు, నలభై రోజుల సెలవు మీద వస్తున్నారు. మళ్లీ రెండేళ్ల దాకా రారు. ఉత్తరంలో అసలు ముడి అయిదో పేజీలో ఉంది: "ముట్టు వచ్చిందంటే గర్భసంచి తయారైనట్టే, ఈ సెలవులోనే రెండోది కూడా అయిపోతే మళ్లీ రెండేళ్లు ఆగే పని ఉండదు అని అత్తయ్య అంటున్నారు. నిజమేనా? నాకు లోపల ఇంకా లాగుతున్నట్టే ఉంది. ఆయనకు ఫోనులో ఎలా చెప్పను?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వరంగల్‌లో ప్రసూతి వార్డులో చాలా ఏళ్లు నర్సుగా చేశాను. ఈ ప్రశ్నలన్నీ వార్డు వరండాలో వేరువేరు గొంతులతో విన్నవే. కేంద్ర ప్రభుత్వం 2019-21లో జరిపిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. దేశంలోకెల్లా ఎక్కువ. అంటే మీ వీధిలో పది మంది తల్లులుంటే ఆరుగురి పొట్ట మీద ఈ గీత ఉంటుంది. అయినా ఆపరేషన్ తర్వాత ముట్టు ఎప్పుడు వస్తుంది, ఎలా వస్తుంది అన్నది ఇంటికి పంపేటప్పుడు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. కుట్లు తడపకండి, బరువులెత్తకండి అని మాత్రం చెప్పి పంపుతాం. నేనూ అలాగే పంపాను చాలా మందిని.

మీ తోడికోడలి మాటతో మొదలుపెడతాను. ముట్టు ఎప్పుడు తిరిగి రావాలో నిర్ణయించేది బిడ్డ బయటికి వచ్చిన దారి కాదు. కోత పడింది గర్భసంచి మీద. ముట్టును నడిపేవి అండాశయాలు, వాటికి ఆజ్ఞలిచ్చేది మెదడు. ఆపరేషన్‌లో ఆ రెండింటి జోలికీ ఎవరూ వెళ్లరు. బిడ్డ రొమ్ము పట్టిన ప్రతిసారీ ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది, అండాశయాలకు వెళ్లే ఆజ్ఞలు అణిగి ఉంటాయి. బిడ్డ ఎంత తరచుగా తాగితే, ముఖ్యంగా రాత్రిళ్లు తాగితే, అంత కాలం ముట్టు దూరంగా ఉంటుంది. అసలు పాలివ్వని తల్లికి ఆరు నుంచి ఎనిమిది వారాల్లోనే రావచ్చు. పాలే ఆధారమైన బిడ్డ తల్లికి ఆరు నెలలు, ఏడాది, కొందరికి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. మూడు నెలలకు రావడం దోషమూ కాదు, జబ్బూ కాదు. ఇది మీ అమ్మగారికి చెప్పండి, ఆమె నిద్రపోతారు.

మరి మీకు మూడు నెలలకే ఎందుకు వచ్చింది? రెండో పేజీలో మీరు ఒక వాక్యం అలా రాసి దాటిపోయారు: "మూడో నెల నుంచి, నేను కాస్త పడుకుంటానని, రాత్రి రెండుసార్లు అత్తయ్యే డబ్బా పాలు పడుతున్నారు." నాకు జవాబు అక్కడే దొరికింది. రాత్రి రెండు పూటలు రొమ్ము పట్టడం ఆగింది, ఆజ్ఞలు తిరిగి మొదలయ్యాయి, ముట్టు వచ్చింది. ముట్టు వచ్చిందని మిమ్మల్ని వసారాలో కూర్చోబెట్టారు. పాపను నాలుగు గంటలకోసారి తెస్తున్నారు. ఆ ఎనిమిది రోజుల్లో పాలు ఇంకా తగ్గాయి. పాలు తగ్గాయని డబ్బా మూడో పూటకు పాకింది. ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చిన వరస ఇది. అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆమె అర్ధరాత్రి లేచి నీళ్లు కాచి పాలు కలిపింది మీరు నిద్రపోవాలనే. ఆ చేతులతోనే మీకు కాయం ఉండలు చేసి పెట్టారని కూడా మీరే రాశారు.

ఆమె అనుభవం కూడా వేరు. నలుగురు పిల్లలు, డబ్బా పాల మాటే లేదు, బిడ్డ రెండేళ్లు కొంగు కిందే పెరిగేది. ఆమెకు ఏడాది దాటాక గానీ ముట్టు వచ్చి ఉండదు. ముట్టు వచ్చేనాటికి బిడ్డ నడుస్తుండేది, ఒళ్లు కోలుకునేది. "ముట్టు వస్తే గర్భసంచి తయారైనట్టే" అన్న మాట ఆమె విషయంలో చాలావరకు నిజమే అయింది. మీ విషయంలో అది రెండు కారణాల వల్ల తప్పుతుంది. ముట్టు మూడు నెలలకే వచ్చింది, గర్భసంచి మీద కుట్టు ఉంది. ముట్టు వచ్చిందంటే అండాశయాలు మేలుకున్నాయని మాత్రమే తెలుస్తుంది. కుట్టు ఎంతవరకు మానిందో ముట్టుకు తెలియదు.

చెడు రక్తం సంగతి. ఆపరేషన్‌లో మాయను తీసేశాకే కుట్లు వేస్తారు. మిగిలిన పొర తర్వాత అయిదారు వారాలు స్రావంగా పోతుంది. మీకూ అలాగే పోయింది, రంగులు మారిన తీరు మీరు రాసింది అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. మూడు నెలలకు వచ్చింది పాత రక్తం కాదు, కొత్త ముట్టు. మొదటి ఒకటి రెండు ముట్లలో అండం విడుదల కాకపోవచ్చు. అప్పుడు లోపలి పొర మందంగా పేరుకుని, ఎక్కువగా, గడ్డలతో పోతుంది. నలభై రెండు రోజుల ఎడం కూడా ఆ కుదురుకునే తంతులో భాగమే.

పాలు చెడవు. ముట్టు రోజుల్లో కొందరికి పాలు కాస్త తగ్గినట్టు ఉంటుంది, రుచిలో చిన్న తేడా వచ్చి బిడ్డ ఒకటి రెండు రోజులు చిరాకు పడవచ్చు. అంతకు మించి ఏమీ లేదు. డబ్బా పాలకు పూర్తిగా మార్చాలని మీరే అనుకుంటే అది మీ ఇష్టం, ఎవరూ తప్పు పట్టకూడదు. కానీ ముట్టుకు భయపడి మార్చవలసిన పని లేదు. మార్చితే పాలు త్వరగా ఎండుతాయి, ప్రతి నెలా డబ్బా ఖర్చు, సీసాలు మరిగించే చాకిరీ, సీసా శుభ్రంగా లేకపోతే పాపకు విరేచనాలు. మార్చకపోతే, రాత్రి ఒక్క పూటనైనా తిరిగి రొమ్ముకు తెచ్చుకుంటే, వారం పది రోజుల్లో పాలు పుంజుకోవచ్చు. ముట్టు మాత్రం మళ్లీ వెనక్కి పోతుందని ఆశ పెట్టుకోకండి.

వసారా విషయంలో మీకు రెండు మూడు దారులున్నాయి. ఆచారం మొత్తాన్నీ ఎదిరించవచ్చు. దాని ఫలితం మీ ఇంటి సంగతి తెలిసిన మీకే తెలుసు. భర్త దూరంగా ఉన్నప్పుడు ఆ గొడవ ఒంటరిగా మోయాలి. రెండోది, మీరు వసారాలోనే ఉండి పాపను కూడా పగలూ రాత్రీ మీ పక్కనే ఉంచమని అడగడం. మా వైపు చాలా ఇళ్లలో చంటిబిడ్డకు అంటు పట్టింపు ఉండదు. ఆ మాట అత్తగారికి గుర్తు చేస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. పాలు నిలుస్తాయి, మీకు పడుకోవడానికి నాలుగు రోజులు కూడా దొరుకుతాయి. మూడోది, ఆశ కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు ఆమె నోటితో చెప్పించడం. కోడలు చెబితే ఎదురు మాట, ఆశ చెబితే ఆరోగ్యం మాట. అన్యాయమే, కానీ పని జరుగుతుంది.

ఇక డికాక్షన్ రంగు మరక. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోలేను. హార్మోన్లు కుదురుకోకపోవడం వల్ల కావచ్చు, లోపల ఏదైనా ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆపరేషన్ అయిన వాళ్లలో ఇంకో కారణం కూడా ఉంటుంది. గర్భసంచి లోపలి గోడ కుట్టు దగ్గర పూర్తిగా సమంగా అతుక్కోకుండా చిన్న గుంట మిగులుతుంది. ముట్టు రక్తం కొంత అందులో నిలిచి, పాతబడి, ముట్టు ఆగాక చుక్కలు చుక్కలుగా దిగుతుంది. కింది నుంచి చేసే స్కానింగ్‌లో ఇది కనిపిస్తుంది. చాలా మందికి వైద్యం అక్కర్లేదు. కానీ రెండో బిడ్డ గురించి మాట్లాడే ముందు అది ఉందో లేదో తెలిసి ఉండాలి. "లోపల లాగుతున్నట్టు" అని రాశారు. ఆరు నెలల దాకా కుట్టు దగ్గర లాగడం, తిమ్మిరి మామూలే. ప్రతి ముట్టుకూ కుట్టు దగ్గరే గడ్డలా ఉబ్బి నొప్పి వస్తుంటే మాత్రం అది వేరే సంగతి, డాక్టరుకు విడిగా చెప్పండి.

వెళ్లే ముందు బీరువాలో చీరల కింద దాచిన ఆ డిశ్చార్జి కాగితం తీయండి. నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితంలో మీకు తెలియని విషయాలు ఉండవచ్చు. ఆపరేషన్ సమయంలోనే, గర్భం రాకుండా గర్భసంచిలో ఉంచే కాపర్ టీ పెట్టడం మన దగ్గర ఉన్న పద్ధతి. తల్లిని అడిగే పెడతారు, కానీ నొప్పుల హడావిడిలో పెట్టిన సంతకం దేనికో చాలా మందికి గుర్తుండదు. మీకు అలా పెట్టి ఉంటే ముట్టు ఎక్కువ కావడానికీ మరకకూ అదే కారణం కావచ్చు, పైగా మీ సగం దిగులు ఇప్పటికే తీరినట్టు. లేకపోతే లేదు. అదే కాగితంలో గర్భసంచి మీద కోత అడ్డంగా పడిందా, నిలువుగా పడిందా కూడా రాసి ఉండవచ్చు. చర్మం మీద కనిపించే గీతను బట్టి అది తెలియదు. నిలువు కోత అయితే తర్వాతి కాన్పులో ప్రమాదం ఎక్కువ.

డిశ్చార్జి నాడు రక్తం, అంటే హిమోగ్లోబిన్, 8.9 ఉందని రాశారు. ఐరన్ బిళ్లలు మలం నల్లగా వస్తోందని నెలకే మానేశారట. నల్లగా రావడం బిళ్ల గుణమే. కాన్పు తర్వాత 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి, ఆశ దగ్గర ఉచితంగా దొరుకుతాయి. టీతో వేసుకోకండి, ముందూ వెనకా గంటైనా ఎడం ఉంచండి. కాల్షియం బిళ్లను వేరే పూటకు మార్చండి. భోజనంలో నిమ్మకాయ పిండుకుంటే మంచిది. ఎనిమిది రోజుల ముట్టు తర్వాత ఇప్పుడు రక్తం ఎంత ఉందో పరీక్ష చేయిస్తే గానీ తెలియదు. బాగా తగ్గి ఉంటే బిళ్లలతో ఆగకుండా సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. గంటకొక ప్యాడు నిండిపోవడం, నిమ్మకాయ కంటే పెద్ద గడ్డలు, జ్వరం, దుర్వాసన, లేస్తే కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా వచ్చే మంగళవారం దాకా ఆగకండి, 108 పిలిపించండి. మంగళవారం అని ఎందుకు అన్నానంటే, 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు నడిచేది ఆ రోజునే. మీకు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ క్లినిక్ ఉందేమో ఆశను అడగండి. అక్కడ చూసి, స్కానింగ్ అవసరమైతే జిల్లా ఆస్పత్రికి రాసిస్తారు.

ఇప్పుడు ఆ అయిదో పేజీ. ఈ సెలవులో గర్భం నిలిస్తే పాపకు ఏడు నెలలు. కాన్పు నాటికి పాపకు సుమారు పదహారు నెలలు. రెండు కాన్పుల మధ్య ఏడాదిన్నర కంటే తక్కువ ఎడం ఉంటే, నొప్పులు వచ్చినప్పుడు పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల రెండోది కూడా ఆపరేషనే అయ్యే అవకాశం ఎక్కువ. తగ్గిన రక్తంతోనే గర్భం మొదలవుతుంది. తొమ్మిదో నెలలో మీ చంకన నడక నేర్చుకుంటున్న పాప, ఇంట్లో మీరూ అత్తగారూ, ఆయన దుబాయిలో. అందరికీ ఇలా జరుగుతుందని కాదు. ఇంత తక్కువ ఎడంతో క్షేమంగా కన్న తల్లులను నేను చూశాను, రాత్రి రెండింటికి రక్తం సీసాల కోసం పరుగెత్తిన రోజులూ చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది, కాన్పు అయ్యాక మరో గర్భానికి కనీసం 24 నెలలు ఆగమని.

నాకు ఇందులో ఒక విషయం బాగా నచ్చింది. మీ ఆయన మళ్లీ వచ్చేది రెండేళ్ల తర్వాత. అప్పటికి పాపకు రెండున్నర దాటుతుంది. అంటే గల్ఫ్ కంపెనీ సెలవుల లెక్క, గర్భసంచి లెక్క ఈసారి ఒకటే చెబుతున్నాయి. అత్తగారికి "నాకు రెండోది వద్దు" అని మీరు చెప్పవలసిన పనే లేదు. "వచ్చే సెలవుకు" అంటే చాలు. అయినా ఈ సెలవులోనే కావాలని మీరిద్దరూ మనసారా అనుకుంటే, ఆయన రాకముందే స్కానింగ్, రక్త పరీక్ష చేయించి డాక్టరుతో మాట్లాడి దిగండి. రక్తమూ ఆపరేషన్ థియేటరూ రాత్రీ పగలూ అందుబాటులో ఉండే ఆస్పత్రిలోనే కాన్పు అని ఇప్పుడే అనుకోండి.

వద్దనుకుంటే, ముట్టు తేదీలు లెక్కపెట్టి రోజులు దాటించే పని మాత్రం వద్దు. అండం ముట్టుకు సుమారు రెండు వారాల ముందే విడుదలవుతుంది. నలభై రెండు రోజుల ఎడం వచ్చిన మీకు అది ఏ రోజో ఎవరూ చెప్పలేరు. పాలిస్తే గర్భం రాదన్న మాట కూడా మీకు వర్తించదు. అది ముట్టు రానంత వరకు, బిడ్డ తల్లి పాల మీదే ఉన్నంత వరకు, ఆరు నెలలు నిండనంత వరకు మాత్రమే. మూడూ ఒకేసారి ఉండాలి. మీకు ఆయన వచ్చేనాటికి ఒక్కటీ ఉండదు.

నిరోధ్ ఉచితం, పాలకూ ముట్టుకూ సంబంధం లేదు, నలభై రోజుల సెలవుకు సరిపోతుంది. కాకపోతే ప్రతిసారీ ఆయన సహకారం కావాలి. ఛాయా బిళ్లలో హార్మోను లేదు, పాలు తగ్గవు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి. ముట్టు కాస్త ఆలస్యం కావచ్చు. దాన్ని ముట్టు మొదటి రోజున మొదలుపెట్టాలి కాబట్టి ఇప్పటి నుంచే దగ్గర ఉంచుకోవాలి. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకొకటి, అత్తగారికి తెలియనక్కర్లేదు. కానీ ముట్టు అదుపు తప్పుతుంది, మానేశాక గర్భం రావడానికి నెలలు పడుతుంది. కాపర్ టీ అయిదేళ్లదీ పదేళ్లదీ ఉన్నాయి, ఎప్పుడైనా తీయించుకోవచ్చు. మొదటి కొన్ని నెలలు ముట్టు ఎక్కువవుతుంది, మీ రక్తం శాతం చూసుకుని ఆలోచించాలి. ముఖ్యంగా గుర్తుంచుకోండి, మరక ఎందుకో తేలకుండా ఇంజెక్షన్ గానీ కాపర్ టీ గానీ వేయరు. మాలా-ఎన్ లాంటి రోజూ వేసుకునే బిళ్లలు పాలు తగ్గించవచ్చు, పాలిచ్చే తల్లికి ఆరు నెలల లోపు ఇవ్వరు. పొరపాటు జరిగితే 72 గంటల లోపు వేసుకునే బిళ్ల ఉంది, అది పొరపాటుకే.

ఆయనకు ఎలా చెప్పాలన్నారు. ఆయనకు వారపు సెలవు ఉన్న రోజు, అత్తగారు పక్కన లేనప్పుడు వీడియో కాల్ చేయండి. "నాకు వద్దు" అని మొదలుపెడితే ఆయనకు అలకలా వినిపించవచ్చు. గోడ మీద పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుందిగా, అందులో ఈ రెండు ముట్లూ, మరక రోజులూ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి చూపించండి. తాపీ పని చేసే మనిషి, కొత్త గోడకు ఎన్ని రోజులు నీళ్లు పట్టాలో, ఆరకముందే బరువు పెడితే ఏమవుతుందో ఆయనకు మీరు చెప్పనక్కర్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేది ఎప్పుడో ఆయనకు కూడా తెలిస్తే, ఆ రోజు ఛార్జీలు అత్తగారిని అడగవలసిన అవసరం కూడా ఉండదు.

చివర్లో చిన్న అక్షరాలతో, అడగాలా వద్దా అన్నట్టు, బతుకమ్మ ఆడవచ్చా అని రాశారు. పండుగ నాటికి కుట్టుకు ఆరు నెలలు దాటుతాయి. వంగి చప్పట్లు కొట్టి తిరగడం వల్ల దానికేమీ కాదు. నొప్పి అనిపిస్తే పక్కకు వచ్చి పాప దగ్గర కూర్చోండి. బరువైన బతుకమ్మను తల మీద మోసుకుని చెరువు దాకా వెళ్లే పని మాత్రం ఈ ఏడాదికి మీ తోడికోడలికి అప్పగించండి.